చాక్ డబ్బా మీద చేప

మా కోడలు చేసిన పదకొండో కత్తెర తడిపిన మల్లుగుడ్డను మొదలు నుంచి మొన దాకా నమలకుండా కోసింది. అంతకుముందు చేసిన పదింటినీ నేనే తుక్కులో పడేశాను. వేళ్ల మీది బొబ్బలు కాయలు కట్టాక, రెండేళ్లకు దక్కిన గెలుపు అది. ఆరోజే మా నాన్న వాడిన చేప ముద్రను ఆమె చేతిలో పెట్టి "కొట్టమ్మా" అన్నాను. ఒక్క దెబ్బకు చేప తోకతో సహా పడింది. నా తొలి కత్తెరకు నాకు మూడు దెబ్బలు పట్టాయి. ఆ సంగతి ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.

నేను ఊరిబడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఇరవయ్యో ఎక్కం ఇప్పటికీ తడబడకుండా చెబుతాను. కానీ మా కోడలు చేసినవి నేను చేయలేదు. ఎడమచేతి వాటం దర్జీలకు కత్తెర చేసింది మా ఇంట్లో ఆమె ఒక్కతే. వేళ్లు వంగని ఒక ముసలి దర్జీకి పిడి మార్చి ఇస్తే, ఆయన మరో నాలుగేళ్లు కుట్టాడు. మా అబ్బాయికి బస్సు స్టీరింగే నచ్చింది. సాన చక్రం దగ్గర ఈమె కూర్చుంది.

పాత దర్జీలు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే, మా కత్తెరలను ఫోన్‌లోనే చూసి కొనుక్కునే బజారులో పెట్టింది కూడా ఆమే. ఏడాది పాటు బాగానే పోయాయి. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయాయి. నెల తిరిగినా ఒక్క ఆర్డరు లేదు.

"మామయ్యా, ఇది చూడండి" అని ఒకరోజు ఫోన్ తెచ్చి 'తక్కువ ధర ముందు' అన్నచోట నొక్కింది. అన్నిటికన్నా పైన పది అంగుళాల కత్తెర బొమ్మ, దాని కింద ఇరవై తొమ్మిది అన్న అంకె ఉన్నాయి.

"ఇనుము ఖరీదు కూడా రాదు కదే! దొంగసొత్తా?"

"అది కత్తెర ధర కాదండీ. లోపలికెళ్తే ఐదు రకాలుంటాయి. గుడ్డ మీద గీసుకునే చాక్ ముక్క, టేపు, దారం తెంపేది, చిన్న కత్తెర, పెద్ద కత్తెర. ఇరవై తొమ్మిది చాక్ ముక్కకి. పెద్ద కత్తెర నొక్కితే మనదానికన్నా ఎక్కువే."

"మరి బొమ్మ కత్తెరది పెట్టాడేం?"

"అదే కదండీ వాడి తెలివి."

"మనదెక్కడుంది?"

వేలితో పైకి తోస్తూ పోయింది. నా చేతిలో టీ చల్లారిపోయింది. అరవై ఒకటో పేజీలో మా చేప కనిపించింది.

ఆ బజారు నడిపే కంపెనీకి మూడుసార్లు ఫిర్యాదు రాసింది. మూడుసార్లూ 'మీ అభిప్రాయం మాకెంతో విలువైనది' అన్న ఒకే జవాబు వచ్చింది. "ఆ విలువ కూడా చాక్ ముక్కదే అయ్యుంటుంది" అంది మా ఆవిడ.

ఇంతలో మా సాన చక్రం ఉన్న అద్దె షెడ్డు యజమాని వచ్చాడు. "పద్దెనిమిదో తారీకు దాకా చూస్తా, పెద్దాయనా. చక్రం తిరుగుతుంటే షెడ్డు మీదే. లేదంటే అట్టపెట్టెల వాళ్లకిచ్చేస్తా."

"కత్తెరలు చేసే చోట అట్టపెట్టెలా?"

"అవైనా రోజూ కదులుతాయి."

 మర్నాడు పొద్దున్నే మా కోడలు చాక్ ముక్కలు కొనుక్కొచ్చి, మా కత్తెర బొమ్మ కిందే వాటినీ ఒక రకంగా చేర్చింది. ధర ఇరవై ఎనిమిది పెట్టింది. రెండు రోజుల్లో అరవై మూడు ఆర్డర్లు! మా ఆవిడ వీధిలో అందరికీ చెప్పొచ్చింది. మా కోడలు మాత్రం ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అన్నీ చాకే, మామయ్యా. అరవై మూడూ. కత్తెర అనుకుని నొక్కేశారు పాపం. ఆపేయనా?"

"ఆర్డరు ఆర్డరే. పంపు" అన్నాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మా గుమ్మం దాటిన వస్తువేదీ ముద్ర లేకుండా పోలేదు. చాక్ మీద కొడితే పొడైపోతుంది కనుక, అరవై మూడు అట్టడబ్బాల మూతల మీద నేనే కూర్చుని చేపను కొట్టాను.

వారం తిరక్కుండా తిట్లు మొదలయ్యాయి. కుట్టుపని చేసుకునే ఒకావిడ ఇలా రాసింది: 'కొత్తది వస్తుందని పాత కత్తెర అమ్మేసి కూర్చున్నాను. డబ్బా తెరిస్తే చాక్ ముక్క. ఈ చేప కనబడితే కొనకండి.' కింద ఫొటో పెట్టింది. అందులో చేప పొలుసు పొలుసుగా, ఎంత చక్కగా పడిందో!

ఆ ఇరవై తొమ్మిదివాడి చాక్ మీద ఏ గుర్తూ లేదు. వాణ్ణి ఎవరూ పట్టుకోలేరు. మమ్మల్ని ఇట్టే పట్టుకున్నారు. మా కత్తెరను బజారు నుంచి తీసేశారు.

"నా వల్లే తల్లీ" అన్నాను.

"చేర్చింది నేను, కొట్టింది మీరు. ఆవిడ రాసినదాంట్లో అబద్ధమేముంది మామయ్యా?" అంది. రెండు పూటలు ముద్ద ముట్టలేదు.

మూడోనాడు సంచి సర్దింది. చాక్ అందినవాళ్లలో ఇరవై ఆరుగురు ఒకే ఊరివాళ్లు. అది రైల్లో పగలంతా ప్రయాణం. తయారై ఉన్న ఇరవై రెండు కత్తెరలు, చేతి సానరాయి, కొంత మల్లుగుడ్డ పెట్టుకుంది.

"వెళ్లి ఏమడుగుతావమ్మా?"

"ఏమీ అడగను. చాక్ డబ్బు తిరిగిచ్చేస్తా. వాళ్ల పాత కత్తెరలకి ఊరికే సానపడతా. పక్కన మనది పెట్టి, తడిగుడ్డ కోసి చూసుకోమంటా."

"మొహాన తలుపేస్తే?"

"ముందు పాతది అమ్మేసుకున్నావిడ దగ్గరికే వెళ్తా. ఆవిడ తలుపు తీస్తే చాలు."

వెళుతూ ముద్రను నా ఒళ్లో పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉండనీయండి. దీన్ని మళ్లీ కొట్టాలో వద్దో వచ్చాక చెప్తా."

నిన్న ఫోన్ చేసింది. ఆవిడ తలుపు తీయలేదట. కిటికీలోంచి చూసి తెర వేసేసిందట. "రేపు మళ్లీ వెళ్తా మామయ్యా" అంది.  భోజనం చేశావా అంటే లైన్ కట్టయింది.

షెడ్డు యజమానికి వినబడాలని రోజూ పొద్దున్నా సాయంత్రమూ ఉత్త చక్రం తిప్పుతున్నాను. దాని మీద పెట్టడానికి ఇనప ముక్కయినా లేదు. మా కోడలి తిరుగు టిక్కెట్టు పదిహేడో తారీకు, బుధవారం; షెడ్డు గడువు ఆ మర్నాడే.