ఎర్రగుడ్డ చుట్టిన చెయ్యి

సోల్డరింగ్ కడ్డీ కొన గుగ్గిలంలో ముంచగానే లేచే పొగ నాకు మా రేవులో పడవ పలకల సందుల్లో పూయడానికి కాచే గుగ్గిలం వాసనలాగే తోస్తుంది. నా పాత మోటార్ సైకిల్‌కి మలుపు దీపాలు నేనే కడుతున్నాను. పసుపుపచ్చ ఎల్‌ఈడీలు వరసగా అతికి, మాడిపోకుండా మధ్యలో రెసిస్టర్ పెట్టి, నీళ్లు చొరకుండా మాత్రల డబ్బా మూతల్లో బిగించాను. వీటి కొద్దిపాటి కరెంటుకి, దీపాన్ని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషర్ పనిచెయ్యనంది, వేరేది వెయ్యాల్సి వచ్చింది. "బజార్లో దొరుకుతాయి కద తాతా, నీకెందుకీ పాట్లు," అని పక్కింటి మెకానిక్కు నవ్వుతాడు. ఒకప్పుడు ఈ దీపం చేసే పని చేసింది నేనేనని వాడికి తెలియదు.

మా ఊరు కోటబొమ్మాళికి తూర్పున, సముద్రం ఒడ్డున. మా మేనమామ ఎర్రయ్య సైకిల్ మీద సంతకి చేపలు వేసుకెళ్లేవాడు. పొద్దున్నే తెప్పలు ఒడ్డెక్కగానే కవళ్లూ నెత్తళ్లూ, మంచిరోజైతే ఒక వంజరమూ వెనక గంపలోకి చేరేవి; వాటి మీద ఊక అంటిన ఐసు ముక్కలు, ఆ పైన తడి గోనె. నేను అమ్మ పోసిన చోడంబలి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగి, ముందు కమ్మీ మీద అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చునేవాణ్ని. దారిపొడవునా జీడితోటలు, పూతకాలంలో ఒక వాసన, రాలిన పండ్లు పులిసే కాలంలో ఇంకొక వాసన. గంగమ్మ పండగ ముందైతే ప్రతి ఇంటిలోంచీ అరిసెల పాకం వాసన, వీటన్నిటి మధ్య మా వెంట మా చేపల నీచు.

ఆ బరువుకి హ్యాండిల్ ఊగిపోయేది. ఒక చెయ్యి వదిలితే గంపతో సహా బోర్లా పడటమే. అందుకని మా రేవు చేపల సైకిళ్లకి ఒక పద్ధతి ఉండేది. ఇంటి పిల్లవాణ్ని కమ్మీ మీద ఎక్కించుకుంటారు, మలుపు దగ్గర చెయ్యి చాపవలసింది వాడే. వెనక బండ్లకి కనపడాలని మావ తన ఎర్ర తలగుడ్డ నా చేతికి చుట్టేవాడు. "ఒరే అప్పన్నా, సెయ్యి సాపు. దోమ కుట్టినా దింపకు," అనేవాడు. దింపేవాణ్ని కాదు.

ఒక సంతనాడు పెద్దరోడ్డు మీద కుడికి తిరుగుతుంటే ఐసు ఫ్యాక్టరీ లారీ వెనకనించి వచ్చి గుద్దేసింది. నా చెయ్యి చాపే ఉంది. నేను గడ్డిలో పడ్డాను, చేపలు తారు మీద చెదిరాయి, మావ మోకాలు చితికిపోయింది.

గంగమ్మ గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. మావని మంచం మీద మోసుకొచ్చారు.

"గుంటడు సెయ్యి సాపితే నాను బండి ఆపనా?" అన్నాడు లారీ డ్రైవరు.

"సాపినాను," అన్నాను, గుడ్డ చూపిస్తూ.

"గుడ్డ సుట్టుకుంటే సెయ్యి లెగిసిపోద్దేటి?" అన్నాడు. జనం నవ్వారు.

కులపెద్ద మావ వైపు తిరిగాడు. "ఎర్రయ్యా, కాలు పోయినోడివి నువ్వు. నువ్వే సెప్పు. సాపినాడా, నేదా?"

మావ నన్ను చూడలేదు. కట్టు కట్టిన కాలినే చూసుకుంటూ, "సాపనేదు," అన్నాడు.

రేవంతటికీ ఐసు ఇచ్చేది ఆ ఒక్క ఫ్యాక్టరీయే. ఐసు ఆగలేదు. అమ్మ మాత్రం, "నా తమ్ముణ్ని కుంటోణ్ని సేసినావు కదరా," అని ఏడుస్తూ చీపురు విరిగేదాకా నన్ను కొట్టింది. ఊరు నాకు 'సెయ్యి సాపనోడు' అని పేరు పెట్టింది. బడిలో మేష్టారు ప్రశ్న వేస్తే, "ఆడినడక్కండి సారూ, ఆడు సెయ్యెత్తడు," అనేవారు పిల్లలు. మేష్టారూ నవ్వేవాడు. బడి మానేశాను. తరవాత చదివినదంతా ఆమదాలవలసలో ఒక రేడియో రిపేరు కొట్టులో, చిత్తుకాగితాలతో వచ్చిన పుస్తకాల్లో చదివిందే.

మావ చాన్నాళ్లు కుంటుతూ బతికి, చనిపోయాడు. పెద్దదినం అయ్యాక అత్త నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"నువ్వు సాపినావని మీ మావ ఆ రోజే నాతో అన్నాడురా. ఐసు ఆగిపోతే అందరం ఏటి తింటాం? గుంటడివి, మరిసిపోతావనుకున్నాడు."

"అమ్మకి తెలుసా?"

"ఆ యేడే తెలిసింది."

"మరి ఊరికెవులు సెప్తారత్తా?"

"ఇప్పుడెవులికి కావాల్రా అది," అని లేచి, వచ్చినవాళ్లకి అన్నం పెట్టడానికి వెళ్లిపోయింది.

ఇప్పుడా ఫ్యాక్టరీకి పైకప్పు లేదు. పెద్దలందరూ పోయారు, అమ్మా అత్తా పోయారు. చేపలు పెట్టెల్లో వ్యాన్లెక్కి పోతున్నాయి, సైకిల్ కమ్మీ మీద పిల్లవాడెక్కడా కనపడడు. పెద్దరోడ్డు వెడల్పు చేసి మధ్యలో గోడ కట్టారు, మేము తిరిగిన చోట ఇక ఎవరూ తిరగలేరు. ఆ అబద్ధంతో పని ఉన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు.

నిన్న దీపాలు బిగించి ఊళ్లోకి వెళ్లాను. టీ కొట్టు దగ్గర కుడి దీపం మిలమిలా కొట్టుకుంటుండగా తిరుగుతున్నాను. బల్ల మీద కూర్చున్న కుర్రాడొకడు, మీసం కూడా సరిగా రానివాడు, ఏ ఎకసెక్కమూ లేకుండా, మంచి మనసుతోనే, పక్కవాడితో అన్నాడు.

"జరగరా, సెయ్యి సాపని తాత వస్తన్నాడు."

బండి ఆపి, ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసా అని అడిగాను.

"ఏటో తాతా," అన్నాడు. "నీ పేరదే కదా."