ఓబులప్ప వంతగాడు

ప్రతి ఉదయం ఓబులప్ప ఉప్పునీళ్లు పుక్కిలించి, తంబుర భుజానికెత్తుకుని, పక్కింటి రామక్క మేకపోతు ముందు కూర్చునేవాడు. ఒక చరణం పాడి ఆగి, దానికొక శెనక్కాయ పెట్టేవాడు. కాయ ఆలస్యమైతే అది "మే" అనేది. చరణం చివర తందాన అనే ఈరన్న డేరా సినిమా బండి మీద తప్పెట కొట్టే పనికి పోయాక, ఓబులప్ప బుర్రకథకు మరో వంతగాడు దొరకలేదు. అది తెలిసే రామక్క రోజూ ఆయన తువ్వాలులో గుప్పెడు కాయలు పోసేది.

వానల కోసం ఊరివాళ్లు మారెమ్మ గుడి ముందు కథ పెట్టించినప్పుడు ఆయన ఆ పోతునే పక్కన కట్టేసుకున్నాడు. అది అరిచినప్పుడల్లా జనం పొట్ట పట్టుకుని నవ్వారు. డేరాలో సినిమా గంట మోగినా ఒక్కరూ లేవలేదు. కథలో రాకుమారి ఇంకా చెరలో ఉండగానే శెనక్కాయలు అయిపోయి, మిగతా కథ మంగళవారానికి పడింది. జనం వెళ్లాక రామక్క తలదించుకుని, "అన్నా, మంగళారం ఆ పోతును అమ్మకు ఇస్తానని మొక్కుకొని ఉండా" అంది.

ఓబులప్ప మేక మెడ నిమురుతూ గుడి వైపు చూశాడు.

"ఒక మాట అడిగి చూడు రామక్కా. ఆయమ్మ గూడా సగం కథే వినింది గదా. మిగతాది వినాలంటే ఈసారికి కోడిపుంజుతో సర్దుకోమని చెప్పు."