జోగమ్మ ఉన్న తొమ్మిది అంగుళాలు

2023 ఏప్రిల్. ఖమ్మం కమాన్‌బజార్ వెనక సందులో నా ఫ్రేముల షాపు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే షట్టరు, అదే పని. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం పెళ్ళి ఫోటోలు, దేవుడి పటాలు, చనిపోయినవాళ్ళ ఎన్‌లార్జ్‌మెంట్లు. చేత్తో వేసిన బొమ్మలు ఏడాదికి నాలుగైదు వస్తే గొప్ప. వాటిలో దాదాపు అన్నీ ఒకే మనిషివి. ఆమె పేరు సుగుణ. బూర్గంపాడు ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యారు. మేమంతా టీచరమ్మ అంటాం.

క్యాన్వాస్ బొమ్మకు ఫ్రేము కట్టడమంటే ఫోటోకు కట్టినట్టు కాదు. ముందు స్ట్రెచర్ చెయ్యాలి. అంటే గుడ్డను డప్పు మీద తోలులా లాగి బిగించే చెక్క చట్రం. దాని మీద గుడ్డ సమంగా లాగకపోతే రెండు వానలకే బొమ్మ అలలు తేలుతుంది. బయటికి కనిపించే ఫ్రేము ఆ తర్వాత సంగతి. ఆమె బొమ్మల వల్లే నాకు ఆ పని చేతికొచ్చింది.

టీచరమ్మ మొదటి ఎగ్జిబిషన్ ఖమ్మంలోనే ఒక లైబ్రరీ మేడ మీద జరిగింది. పన్నెండు బొమ్మలు, మూడు రోజులు, అమ్ముడుపోయింది ఒక్కటి. అప్పటికి ఆమె ఎవరో నాకు తెలియదు. ఆ తర్వాత వరంగల్, హైదరాబాద్. హైదరాబాద్‌లో పదిమందితో కలిపి పెట్టిన షోలో ఆమెకు మెట్ల పక్క గోడ ఇచ్చారట. వచ్చేపోయేవాళ్ళ భుజాలు తగిలేవని చెప్పారు. తర్వాత భోపాల్, ఢిల్లీ, కొచ్చి. బడికి సెలవు పెట్టి, బొమ్మలు చుట్టి పీవీసీ పైపుల్లో దూర్చి, సెకండ్ క్లాసులో బెర్తు కింద పెట్టుకుని పోయేవారు. ఆ పైపులకు మూతలు బిగించింది నేనే. ఢిల్లీలో ఒక పత్రిక ఆమెను ఆదివాసీ చిత్రకారిణి అని రాసింది. ఆమె వాళ్ళకు ఉత్తరం రాసి, నాకూ చదివి వినిపించారు. "నేను కోయదాన్ని కాదు, టైలర్ బిడ్డను. వాళ్ళ ఊళ్ళె బతికిన, వాళ్ళను గీసిన, అంతే. వాళ్ళ పేరు నాకు పెట్టకండి." ఏ గ్యాలరీ పిలవని ఏళ్ళు కూడా ఉన్నాయి. ఆ ఏళ్ళలో ఆదివారం పూట బడి గదుల్లో దారాలు కట్టి బొమ్మలు వేలాడదీసేవారు. చూడటానికి వచ్చినవాళ్ళు పిల్లల తల్లులు.

ఆ ఏప్రిల్‌లో ఆమె ఫోన్ చేశారు. హైదరాబాద్‌లో ఒక గ్యాలరీ రెట్రోస్పెక్టివ్ పెడుతోంది. ఒక కళాకారుడు మొదటి నుంచి ఇప్పటిదాకా వేసినవాటిలోంచి ఏరి ఒక్కచోట చూపే ప్రదర్శనను అలా అంటారు. నలభై ఒక్క బొమ్మల లిస్టు తయారైంది. అందులో మొదటిది 'వాగు దాటుడు'. లైబ్రరీ మేడ మీద అమ్ముడుపోయిన ఆ ఒక్క బొమ్మ.

"మిగతా పదకొండు పోయినేడు వరదల పోయినయి యాకూబ్. ఇంట్ల నీళ్ళు దిగినంక చూస్తే అట్టముక్కలే. నా మొదటి షోల నుంచి మిగిలింది గిదొక్కటే. పెనుబల్లిల ఉన్నది. నువ్వే పోయి తేవాలె, వేరేటోళ్ళ చేతికి ఇయ్యను" అన్నారు.

"అవ్ టీచరమ్మా, పోయొస్త" అన్నాను. ఫోన్ పెట్టేశాను. ఆ బొమ్మ నాకు తెలుసు.

1998లో, షాపు పెట్టిన మూడో ఏడు, పెనుబల్లి నుంచి రంగారావుగారనే రైతు దాన్ని నా దగ్గరికి తెచ్చారు. వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. కొత్త ఇల్లు కట్టారు. హాల్లో రెండు కిటికీల మధ్య పెట్టాలి. అక్కడున్న జాగా నలభై ఆరు అంగుళాలు. బొమ్మ వెడల్పు యాభై నాలుగు.

బొమ్మలో ఆరుగురు ఆడవాళ్ళు ఇప్పపూల గంపలు నెత్తిన పెట్టుకుని వాగు దాటుతున్నారు. ఐదుగురూ వీపులే కనిపిస్తారు. కుడి చివర ఆరో ఆమె మాత్రం ఆగి వెనక్కి తిరిగి చూస్తోంది. మొత్తం బొమ్మలో ముఖం కనపడేది ఆమెదే.

"ఆ చివరామె ఎటో చూస్తోంది, ఆమె లేకపోయినా వచ్చే లోటేం లేదు. అక్కడికి కత్తిరించెయ్యి" అన్నారాయన.

"బొమ్మ ఖరాబైతది సార్" అన్నాను ఒక్కసారి.

"కొన్నది మేమే కదయ్యా."

నేను రెండోసారి అనలేదు. కొత్త కస్టమరు, పెద్ద ఇల్లు, ఇంకా పటాలు వస్తాయనే ఆశ. స్ట్రెచర్ నుంచి మేకులు పీకి, స్కేలు పెట్టి, తొమ్మిది అంగుళాలు కోశాను. కింద మూలన ఉన్న సంతకం కూడా ఆ ముక్కలోనే పోయింది. ఆ ముక్కను గాజు కోసే బల్ల మీద పరిచాను, రంగు వైపు పైకి పెట్టి. నున్నగా ఉంటుంది, అద్దం గీరుకోదు. రెండేళ్ళకు పైగా దాని మీదే అద్దాలు కోశాను. చిల్లులు పడ్డాక పారేశాను.

ఆ మరుసటి ఏడు టీచరమ్మ మొదటిసారి నా షాపుకు వచ్చి క్యాన్వాసులు విప్పారు. అవే వీపులు, అదే నడక. గాజు బల్ల మీదున్న ముక్క మీద గబగబా పాత పేపర్లు కప్పాను. ఆమె చూడలేదు. ఆ రోజు చెప్పకపోవడానికి భయం కారణం. తర్వాత చెప్పకపోవడానికి, ఆ రోజు చెప్పకపోవడమే కారణం. ఇరవై నాలుగేళ్ళు అట్లా గడిచాయి.

పెనుబల్లిలో రంగారావుగారు లేరు, కాలం చేశారు. కొడుకు శ్రీనివాస్ మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. కిటికీల మధ్య నుంచి బొమ్మ దింపాను. వెనక నా షాపు స్టిక్కరు పసుపు పచ్చగా మారి ఇంకా అంటుకునే ఉంది.

గ్యాలరీ వాళ్ళు పంపిన కండిషన్ రిపోర్టు నింపడం నా పని. బొమ్మ ఒక చోటు నుంచి కదిలే ముందు దాని మీదున్న ప్రతి గీర, మరక, చినుగు రాసిపెట్టే కాగితం అది. మొదటి గడి సైజు. టీచరమ్మ పాత నోటుబుక్కు నుంచి వాళ్ళు ముందే టైపు చేశారు, యాభై నాలుగు బై ముప్ఫై ఆరు అని. పక్కన ఖాళీ గడి, ఇప్పుడున్న సైజుకు. నేను నలభై ఐదు అని రాసి ఆగిపోయాను. కింద 'తేడా ఉంటే కారణం' అని ఉంది.

శ్రీనివాస్ నా భుజం మీదుగా చూశారు. "మా నాన్నగారే కోయించారని అమ్మ చెబుతుండేది. ఆయన పేరే రాసెయ్యండి యాకూబ్ గారూ. ఆయన ఇప్పుడు లేరు కదా, ఎవరూ అడగరు."

శ్రీనివాస్ చెప్పింది అబద్ధం కాదు. కోయించింది వాళ్ళ నాన్నే. ఆ గడి ఖాళీగానే ఉంచి, బొమ్మను దుప్పట్లలో చుట్టి, ట్రాలీ ఆటో ఎక్కించాను.

హైదరాబాద్ పంపేముందు టీచరమ్మ ఒకసారి చూస్తానన్నారు. కొత్తగూడెం మీదుగా బూర్గంపాడు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంట్లో ఆమెతో పాటు ఇంకొకామె ఉంది, నలభై ఏళ్ళుంటాయి, చాప మీద కూర్చుని ఉంది.

"సమ్మక్క" అని పరిచయం చేశారు టీచరమ్మ. "జోగమ్మ బిడ్డ. జోగమ్మ మా బళ్ళె వంట చేసేది. వాగు దాటుడుల చివర ఉన్నది జోగమ్మనే. ఈమెకు ఐదేండ్లప్పుడు తల్లి జరమొచ్చి పోయింది. ఫోటో గిట్ల ఏం లేదు. నా స్కెచ్చులు ఉంటుండె, అవి గూడ వరదల పోయినయి. అందుకే రమ్మన్న."

నా చేతులు దుప్పటి ముడి దగ్గర ఆగాయి. అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పకుండా ముడి విప్పాను.

టీచరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ వచ్చారు. కుడి అంచు దగ్గర ఆగారు. చేత్తో ఫ్రేము అంచును తడిమారు, గుడ్డ లోపలికి మడిచి ఉందేమోనని.

"జోగమ్మ ఏది?" అన్నారు.

"కోసిన్రు టీచరమ్మా."

"ఎవరు?"

"కోయమన్నది రంగారావు సారు. కోసింది నేను."

మిగతాది మొత్తం చెప్పాను. కిటికీల మధ్య జాగా, కోసిన తొమ్మిది అంగుళాలు, గాజు బల్ల, దాని మీద కప్పిన పేపర్లు. ఆమె నన్ను తిట్టలేదు. కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుస్తూనే ఉన్నారు. కాసేపటికి, "ఇరవై నాలుగేండ్లు నా బొమ్మలన్నీ నీ చేతికే ఇచ్చిన" అని మాత్రం అన్నారు.

సమ్మక్క చాప మీది నుంచి లేచి బొమ్మ దగ్గరికి వచ్చి ఐదుగురి వీపులూ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నా, నువ్వు రెండేండ్లు అద్దాలు దాని మీదనే కోసిన అన్నవు. అంటే నువ్వు రోజు చూసినవ్ కదా?"

"అవ్ చెల్లె."

"మరి మా అమ్మ ఎట్లుండె?"

అలాంటి ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. కానీ కళ్ళు మూసుకుంటే ఆ బల్ల కనిపించింది. చెప్పడం మొదలుపెట్టాను. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. మెడలో రెండు వరుసల పూసలు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఎడమ చెయ్యి గంప అంచు మీద, కుడి చెయ్యి చీర కుచ్చిళ్ళు తడవకుండా పట్టుకుని. నోరు కొంచెం తెరిచి ఉంటుంది, ఎవరినో పిలవబోతున్నట్టు. కనుబొమలు దగ్గరికి వచ్చి ఉంటాయి, కానీ కోపం కాదు.

"నిన్నే పిలుస్తున్నది" అన్నారు టీచరమ్మ సమ్మక్కతో. "నువ్వు ఇవతలి ఒడ్డున కూసొని నీళ్ళలకు రానని ఏడుస్తున్నవు. నిన్ను గీయలే నేను. ఆమె చూపు చాలనుకున్న."

సమ్మక్క ఇంకా అడిగింది. చీర ఏ రంగు, చెవులకు ఏమున్నాయి, ముక్కు తన ముక్కులా ఉంటుందా. తెలిసినవి చెప్పాను. చెవులు గుర్తులేవు, అక్కడే కత్తి ఎక్కువ తిరిగి రంగు పోయింది. ఆ మాట కూడా చెప్పాను. ఆమె తలూపింది. నన్ను క్షమించానని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

గ్యాలరీ వాళ్ళకు విషయం చెబితే, ఆరో మనిషిని మళ్ళీ వేసి అతికించవచ్చు కదా అన్నారు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "అది అప్పటి చెయ్యి. ఇప్పటి చేత్తోని గీసి అప్పటిదంటే అబద్ధమైతది" అన్నారు. నాతో మాత్రం, "పాత కొలతకే కట్టు. ఆ తొమ్మిది అంగుళాలు ఉత్త గుడ్డ ఉండనీ" అన్నారు.

యాభై నాలుగు అంగుళాల బోర్డు మీద రంగు వెయ్యని క్యాన్వాస్ బిగించి, పాత బొమ్మను ఎడమ వైపుకు జరిపి అమర్చాను. కొలిచి కట్టడానికి ఆరు రోజులు పట్టింది. రిపోర్టులో కారణం గడి కూడా అప్పుడే నింపాను: 'యజమాని కోరిక మీద, ఫ్రేము కట్టినవాడు కోశాడు.' కింద నా పేరు, సంతకం. గ్యాలరీ వాళ్ళు బొమ్మ పక్కన చీటీ మీద కూడా అదే వాక్యం వేశారు. పేరు తీసెయ్యమంటారా అని ఫోన్ చేసి అడిగారు. ఉంచమన్నాను.

ప్రదర్శన మొదటి రోజు సమ్మక్కను కూడా కారులో తీసుకుపోయాము. నలభై ఒక్క బొమ్మలు, నాలుగు గదులు. ఈసారి వచ్చేపోయేవాళ్ళ భుజాలు రాసుకునే గోడ కాదు. టీచరమ్మను మైకు ముందు నిలబెట్టారు, ఆమె రెండే మాటలు మాట్లాడి దిగిపోయారు. వచ్చినవాళ్ళు చాలామంది మొదటి బొమ్మ దగ్గర ఆగి, చీటీ చదివి, ఖాళీ గుడ్డను చూశారు. ఒకాయన సమ్మక్కను, ఇక్కడ ఏముండేదో తెలుసా అని అడిగాడు. ఆమె మూడు చుక్కల పచ్చబొట్టు దగ్గర మొదలుపెట్టి చెప్పింది. నేను చెప్పిన మాటలే, కానీ ఆమె నోట అవి ఆమెవే అయ్యాయి. చెవులకు వెండి కమ్మలని కూడా చెప్పింది. ఎట్లా తెలుసునని నేను అడగలేదు.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నది పెద్దదేం కాదు. కొలత బొమ్మ నుంచి తీసుకోవాలి, గోడ నుంచి కాదు. డబ్బిచ్చి కొన్నవాడికి బొమ్మ మీద హక్కు ఉండవచ్చు, అందులో ఉన్న మనిషి మీద ఉండదు. పోయిన నెల ఒకాయన పెళ్ళి గ్రూపు ఫోటో తెచ్చి, చివరనున్న మేనత్తతో మాటల్లేవు, ఆమెను మాత్రం తీసెయ్యమన్నాడు. ఫ్రేము పెద్దది చేసిస్తాను గానీ కొయ్యనన్నాను. వేరే షాపుకు పోయాడు.

టీచరమ్మ ఇక నా దగ్గరికి రారనుకున్నాను. ప్రదర్శన అయిన మూడు నెలలకు కొత్త క్యాన్వాస్‌తో వచ్చారు. ఇచ్చేముందు సంచిలోంచి సొంత టేపు తీశారు. కొలిచి నోటుబుక్కులో రాసుకున్నారు. తీసుకుపోయేటప్పుడు మళ్ళీ కొలిచారు. అప్పటి నుంచీ ప్రతిసారీ అంతే. టేపు ఒక కొస ఆమె పట్టుకుంటారు, రెండోది నాకిస్తారు. నేను అంచుకు ఆనించి గట్టిగా పట్టుకుంటాను.