మా వంశానికి తగిన హోస్టింగు

మేం శ్రీకాకుళం జిల్లావాళ్ళం, తుఫాన్లకు బెదరం. కొబ్బరిచెట్లు విరిగినా, ఇంటి రేకులు పక్క ఊరికి ఎగిరిపోయినా, మర్నాటికి తేరుకుంటాం. అలాంటి నేల మీద, చుక్క వాన లేని పట్టపగలు, సరిగ్గా పదకొండు గంటలకు మా అక్కయ్య వ్యాపారాన్ని నిలువునా ముంచబోయిన మహానుభావుణ్ణి నేను. అందుకోసం ఎంత శ్రమపడ్డానంటారా? కుర్చీలో కూర్చున్నాను. అంతే.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. ఉద్యోగం, వంశం పరువు కాపాడటం. నరసన్నపేట దగ్గర మాకో బంగళా ఉండేది. ఇప్పటికీ ఉంది, సగం. మా ముత్తాతగారికి ఏనుగు ఉండేదట. ఏనుగు పోయింది, పొలాలు పోయాయి, ఏనుగు మెడలో గంట మిగిలింది. దాన్ని వారానికోసారి నేనే స్వయంగా తోమేవాణ్ణి. ఇల్లు గడిచేది మాత్రం మా రుక్మిణి అక్కయ్య వల్ల. పొందూరులో నూలు వడికే ఆడవాళ్ళ దగ్గరికీ, నేతగాళ్ళ దగ్గరికీ తిరిగి, సన్నఖద్దరు చీరలూ పంచెలూ తెచ్చి మా ముందుగదిలో అమ్మేది. వ్యాపారం అనడానికి నాకు నోరు రాక, ఎవరైనా అడిగితే "అక్కయ్య వస్త్రకళను పోషిస్తోంది" అని చెప్పేవాణ్ణి.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. హైదరాబాదులో పెద్ద బట్టలకొట్ల యజమాని ఒకాయన అక్కయ్యకు ఫోన్ చేశాడు. "వచ్చే మంగళవారం పదకొండింటికి మా భాగస్వాములంతా కూర్చుంటారమ్మా. మీ సరుకు వెబ్‌సైట్‌లో చూపించండి. నచ్చితే ఏడాది పొడుగునా తీసుకుంటాం."

ఆ మాటకు అక్కయ్య మొహం వెలిగిపోయింది. అప్పటికి ముందుగదిలో అమ్మకాలు సన్నగిల్లి, రాట్నాలు ఆపెయ్యమని వడికేవాళ్ళతో ఎలా చెప్పాలా అని మథనపడుతోంది. ఈ బేరం కుదిరితే రాట్నాలు ఆగవు.

మిషన్ స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే గ్రేసమ్మ టీచర్ నాలుగు రోజుల్లో సైటు తయారుచేసి పెట్టింది. "ఇక హోస్టింగు తీసుకోవాలండి," అంది.

"అంటే?"

"ఈ సైటు ఇరవైనాలుగ్గంటలూ ఆగకుండా నడిచే మిషన్‌లో ఉండాలి కదండీ. అందులో చోటు అద్దెకు తీసుకోవడం. ఈ మూడు కంపెనీల్లో ఏదైనా పరవాలేదు. ఇందులో ఆలోచించడానికేటీ లేదు."

ఆలోచించడానికేమీ లేదట! మా ఇంటి సొత్తు ఎక్కడ ఉండాలో ఆలోచించకుండా తేల్చెయ్యడమా? "ఆ బాధ్యత నాది," అని లేచాను. అక్కయ్య ఆ క్షణంలోనే నా కాళ్ళు కట్టేసి ఉండాల్సింది.

మొదటి కంపెనీ దరఖాస్తులో పేరు రాసే గడిలో, వంశ బిరుదులతో సహా నా పేరు పట్టలేదు. సగం పేరుతో బతకలేక దాన్ని వదిలేశాను. రెండో కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి, పుట్టినప్పటి నుంచీ నన్ను ఎత్తుకుని తిప్పినట్టు, "హాయ్ నరసింహా!" అంది. పెట్టేశాను. మూడో కంపెనీ అతను మాత్రం మర్యాదస్థుడే.

"మా సైటు ఉండే మిషన్‌లో ఇంకెవరుంటారు?" అని అడిగాను.

"రెండు మూడు వందల సైట్లు ఉంటాయి సర్."

"ఎవరివి?"

"అది మేము చెప్పకూడదు సర్."

పక్కన ఎవరున్నారో తెలియని చోట మా అక్కయ్య చీరలు ఆరబెడతానా? అదీ పెట్టేశాను.

అప్పుడు తెలిసింది నాయుడి సంగతి. శ్రీకాకుళంలో జిరాక్సు కొట్టు. వెనకగదిలో మిషన్లు పెట్టి హోస్టింగు కూడా ఇస్తాడట. మర్నాడే వెళ్ళాను. నన్ను గుమ్మంలో చూడగానే నాయుడు స్ప్రింగులా లేచాడు. భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులిపాడు.

"బాబుగారా! కూకోండి బాబూ, కూకోండి! మా తాత మీ తాతగారి బండి తోలీవోడు. తమరే మా కొట్టుకొచ్చినారు!"

చల్లటి గోలీసోడా వచ్చింది. తర్వాత వెనకగది చూపించాడు. మిషన్‌కి కుంకుమబొట్టు పెట్టి ఉంది.

"ఇది తమరికే బాబూ. ఇందులో ఇంకొక్కడుండడు."

పాఠకులారా, ఇంకేం కావాలి? ఒంటరిగా, బొట్టుతో, మా సైటు కొలువుండే చోటు! ఇంటికొచ్చి విజయం ప్రకటించాను.

"కరెంటు పోతే ఏం చేస్తాడో అడిగారాండీ?" అంది గ్రేసమ్మ టీచర్. అది రోజూ కోతలున్న వేసవి.

"లేచి నిలబడ్డాడు టీచర్!"

"కరెంటు పోతేనా?"

"నేను వెళితే!"

ఆవిడ అక్కయ్య వైపు చూసింది. అక్కయ్య ఏనుగు గంట వైపు చూసింది. నేను ఇద్దరినీ పట్టించుకోలేదు.

సోమవారం సైటు ఎక్కింది. ఫోన్లో చీరలు తళతళలాడుతుంటే అక్కయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. ఇంతటి శుభకార్యం వేళ ఇంటి మగవాడు సైటు పక్కన ఉండొద్దూ? మంగళవారం పొద్దున్నే గంజిపెట్టిన ఖద్దరు లాల్చీ తొడుక్కుని శ్రీకాకుళం బయల్దేరాను. బస్సులోనే. కానీ బస్సు నాది అన్నట్టు కూర్చున్నాను.

నాయుడు మళ్ళీ లేచాడు. మళ్ళీ దులిపాడు. మళ్ళీ సోడా. పదకొండుకు పది నిమిషాలుందనగా కరెంటు పోయింది. పంకా ఆగింది. నా లాల్చీ గంజి కరగడం మొదలైంది.

నాయుడు గిలగిల్లాడిపోయాడు. "అయ్యయ్యో, తమరికి సెమటలే! ఉండండి బాబూ, ఇన్వర్టరున్నాది!" అంటూ వెనకగదిలోకి పరిగెత్తి, నిలువెత్తు ఫ్యాను ఒకటి మోసుకొచ్చి నా ఎదురుగా పెట్టాడు. ఆహా, ఏం గాలి! లాల్చీ తెరచాపలా ఊగింది. మర్యాద అంటే ఇదీ అనుకుని కళ్ళు మూసుకున్నాను.

ఫోన్ మోగింది. అక్కయ్య.

"ఒరే, సైటు రావట్లేదురా!"

"నేను దాని పక్కనే ఉన్నాను. నీ ఫోన్లో లోపం."

"హైదరాబాదులో కూడా రావట్లేదట! అందరూ తెల్లకాగితం చూస్తన్నట్టు కూకున్నారట!"

"వాళ్ళ ఫోన్లలో కూడా లోపమే."

"ఏట్రా, లోకంలో అందరి ఫోన్లూ ఒకేసారి చచ్చాయా? ఆ గాలి చప్పుడేటి?"

"ఫ్యాను. నాయుడి మర్యాద నీకేం తెలుసు?"

ఇలా పావుగంట వాదించాను. ఆ సేపంతా నాయుడు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్ళీ చెప్పబోయి ఆగాడు. చివరికి నేనే అడిగాను.

"నాయుడూ, సైటు రావటం లేదంటున్నారు. మిషన్‌కేమైంది?"

"ఆపేసినాను బాబూ."

"ఆపేశావా! ఎందుకూ?"

"తమరికి పేను ఎట్టినాను గదా బాబూ. ఆ ఇన్వర్టరు ఒక్కదాన్నే మోస్తాది. పేనయినా తిరగాల, సైటయినా తిరగాల."

"మరి చెప్పవేం, పావుగంట నుంచీ!"

"తమరు పోన్లో మాటాడతన్నారు. పెద్దోలు మాటాడతంటే మద్దిన నానెలాగ దూరతాను?"

ఫోన్లో అక్కయ్య ఇదంతా వింటూనే ఉంది. ఎగిరి గంతేశాను. ఫ్యాను ప్లగ్గు నా చేతులతోనే పీకి, మిషన్ ప్లగ్గు పెట్టాను. మా వంశంలో ఎవరూ అంత వేగంగా కదిలి ఉండరు. కానీ నాయుడి మిషన్ కూడా ఓ జమీందారే. నిద్రలేచి, ఒళ్ళు విరుచుకుని, కళ్ళు తెరిచేసరికి హైదరాబాదులో భాగస్వాములు లేచి వెళ్ళిపోయారు. నేను చెమటతో, గంజితో, అప్పడాలపిండిలా మిగిలాను.

ఇల్లు చేరేసరికి అక్కయ్య అరుగు మీద కూర్చుని ఉంది. తిట్టలేదు. అందుకే భయం వేసింది.

"అక్కయ్యా, ఆ హైదరాబాదు ఆయనకేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పానురా. అక్కడ మా తమ్ముడికి చెమట పట్టింది, అందుకని మా చీరలు కనబడలేదు అన్నాను."

"పరువు తీశావు! ఆయనేమన్నాడు?"

"నవ్వడం మొదలెట్టాడు. ఎంతకీ ఆపడే! మళ్ళీ శుక్రవారం పదకొండింటికి చూస్తారట. ఒకటే షరతు."

"ఏమిటి?"

"ఆ రోజు నువ్వు సైటు దరిదాపుల్లో ఉండకూడదట."

ఆ సాయంత్రమే గ్రేసమ్మ టీచర్ సైటును ఆ మొదటి కంపెనీకి మార్చింది. గడిలో పట్టినంత మేర నా పేరు కొట్టింది. శుక్రవారం పదకొండింటికి నేను పెరట్లో కూర్చుని, కరెంటు పోయిన వేళ, ఎండలో, గంట తోముతున్నాను. లోపలి నుంచి అక్కయ్య కేక వినిపించింది. ఏడుపేమో అనుకుని పరిగెత్తాను. నవ్వు. మా రాట్నాలు ఆగలేదు. అక్కయ్య సరుకు పెట్టెల మీద అంటించే కాగితాలు ఇప్పటికీ నాయుడే అచ్చు వేస్తాడు.

నా పేరు సగమే తెలిసిన ఆ కంపెనీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను చూసి లేవలేదు, సోడా ఇవ్వలేదు. సైటు కూడా ఒక్క పూట ఆగలేదు.

కాబట్టి, మా ముత్తాతగారి ఏనుగు గంట మీద చెయ్యి వేసి సకలజనులకూ ప్రమాణపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను: ఇక మీదట ఎవరింట నాకోసం ఫ్యాను తిప్పినా, "దీనికోసం ఏది ఆపారు?" అని అడిగి, జవాబు వచ్చేదాకా చెమటలు కక్కుతూ నిలబడే ఉంటాను.