చేపలు నోళ్ళు తెరిచిన పొద్దు

నా చిన్నప్పుడు, ఎనిమిదో తొమ్మిదో ఏడు నడుస్తుండగా, మా తాతయ్య మా ఊళ్ళో మొదటి చేపల చెరువు తవ్వాడు. ముంచింగిపుట్టు సంతకి వెళ్ళే దారిలో, కొండ వాగు, మేం గెడ్డ అంటాం, దాని పక్కన మాకొక వరి మడి ఉండేది. దాన్నే లోతు చేసి, గెడ్డ నుంచి చిన్న కాలువ తెచ్చి కలిపాడు. గెడ్డలో చేపలు పట్టడం తెలుసు గానీ, మేకల్లా చేపల్ని కూడా పెంచుతారంటే మా వాళ్ళకి నవ్వొచ్చింది. కొత్త పంట ఇంటికొచ్చాక చేసుకునే కొత్తల పండగకి ఊరందరికీ చేపల కూర పెడతానని తాతయ్య మాటిచ్చాడు. దాంతో నవ్విన వాళ్ళే వచ్చి తలో చెయ్యి వేశారు.

చేపలకి మేత వెయ్యడం నా పని. తవుడులో నూనె తీసిన వలిసె గింజల చెక్క కలిపి, పొద్దున రెండు గుప్పిళ్ళు, సాయంత్రం రెండు గుప్పిళ్ళు. నా అడుగుల చప్పుడు వింటే అవి గట్టు దగ్గరికి వచ్చేవి. వాటిలో మూతి మీద తెల్ల మచ్చ ఉన్నదొకటి మహా గడుసుది, అన్నింటినీ తోసుకుని ముందుకొచ్చేది. పెద్దయ్యాక నేనంత గర్వంగా ఏ ఉద్యోగమూ చెయ్యలేదు.

పండగ ఇంకా నెల ఉందనగా ముసురు పట్టింది. అప్పుడే చుట్టాలింట్లో ఎవరో పోతే తాతయ్య కొండ అవతలికి వెళ్ళాడు. వెళ్తూ చెరువు నాకు అప్పగించాడు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, నాలుగైదు చేపలు నీటి పైకి తేలి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మా ఇళ్ళల్లో గుమ్మంలోకి వచ్చిన మనిషిని తిన్నావా అని అడగరు, ముందు అంబలి గిన్నె చేతిలో పెడతారు. అలా పెరిగిన దాన్ని కదా, నోరు తెరిస్తే ఆకలే అనుకున్నాను. రెండు గుప్పిళ్ళకి బదులు నాలుగు వేశాను. సాయంత్రానికి ఇంకొన్ని తేలాయి. ఇంకా వేశాను. మేత చాలక చేపలు అలమటిస్తున్నాయని ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

మూడో పొద్దున చెరువు చెరువంతా నోళ్ళే. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తవుడు బుట్ట మొత్తం మోసుకొచ్చి కుమ్మరించబోతున్నాను. సరిగ్గా అప్పుడే తాతయ్య తడిసిన గొంగళితో కొండ దిగి వచ్చాడు.

"ఏటి సేత్తన్నావే గుంటా! ఆకలి కాదే, వోటికి ఊపిరాడతలేదు" అంటూ బుట్ట లాగేసి, ఊరు వైపు తిరిగి కేకేశాడు. "బిందెలట్టుకు రండర్రా, బేగి!"

ఇళ్ళల్లోంచి ఆడా మగా పరుగున వచ్చారు. తాతయ్య గెడ్డ కాలువకి అడ్డం తీసేశాడు. అందరూ మొల లోతు నీళ్ళలో నిలబడి, బిందెలతో నీళ్ళు ముంచి తలపై దాకా ఎత్తి పొయ్యడం మొదలుపెట్టారు. అలా పోస్తే నీళ్ళలో గాలి కలుస్తుందట. నేనూ సొరబుర్రతో పోశాను. ఎండ కాయని రోజుల్లో చెరువు నీళ్ళలో గాలి తగ్గుతుందనీ, తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్ళి ఆ ఉన్న గాలిని కూడా లాగేస్తుందనీ ఆ పొద్దున నాకేం తెలుసు? మధ్యాహ్నానికి కొన్ని చేపలు మళ్ళీ నీటి అడుక్కి దిగాయి. సగానికి పైగా తెల్లగా వెల్లకిలా తేలాయి. తెల్ల మచ్చది కూడా.

ఎలా చచ్చాయని ఊరు అడిగింది. నేను తాతయ్య వెనక్కి జరిగాను. ముసురప్పుడు మేత ఆపాలని ఇంట్లో చెప్పకపోవడం తన తప్పేనన్నాడు తాతయ్య. నా పేరు ఎత్తలేదు. పండగ కూర సగమైపోయినందుకు మాట పడ్డది ఆయన.

ఇంటికొచ్చాక నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళాడు. తడి కట్టెలు, పొయ్యి నిండా పొగ. తలుపు దగ్గరికి వేసి, నాకిష్టమైన చోడి అంబలి ముందు పెట్టి తినమన్నాడు. రెండు గుక్కలు తాగానో లేదో కళ్ళు మండి, ఊపిరి అందక, తలుపు తోసుకుని అరుగు మీదికి వచ్చి పడ్డాను. నోరు తెరిచి రొప్పుతున్నాను. ఆయన గిన్నె పట్టుకుని తీరిగ్గా నా వెనకే వచ్చాడు.

"నోరు తెరిసినావు, ఆకలేత్తంది గావాల. ఇంకొంచెం తిను" అన్నాడు.

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. ఆయన గిన్నె పక్కన పెట్టి వీపు నిమురుతూ కూర్చున్నాడు. ఎలాగూ కోసుకు తినేవే కదా తాతా అన్నాను, నా తప్పు కొంచెమైనా తగ్గుతుందేమోనని. "తింటాం. తినీదాకా అవి మనింట్లో ఉన్నట్టే గదే. మనింట్లో ఉన్నోటికి ఊపిరాడకుండా సెయ్యకూడదు" అన్నాడు. చచ్చిన చేపల్ని ఆ రోజే ఇంటింటికీ పంచారు. ఆ కూర నేను ముట్టలేదు.

ఇప్పుడు ఆ చెరువు మా మనవడిది. నీళ్ళని చిలికే మోటారు పెట్టాడు, ముసురు పడితే స్విచ్ వేస్తాడు. నాకు ఆ మోటారు చప్పుడు ఇష్టం.

పోయినేడు మా ఆయన ఆయాసం ముదిరి మంచాన పడ్డాడు. చర్చి వాళ్ళు, చుట్టాలు గది నిండా చేరారు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా ఒకరు గంజి చెంచా పెట్టేవారు, ఇంకొకరు పాలు పోసేవారు. అందరికీ ఆయనంటే ప్రాణమే. నేను చెంచా లాగేసుకుని, అందర్నీ బయటికి నడవమన్నాను. మొండిదాన్నని ఆడబిడ్డ అలిగింది కూడా. కిటికీ తెరిచి, మంచమెక్కి, ఆయన్ని లేపి నా గుండెకి ఆనించుకుని కూర్చున్నాను. అంబులెన్సు ఘాటీ ఎక్కి వచ్చేదాకా అలాగే ఉన్నాను. కాసేపటికి ఆయన ఊపిరి కొంచెం కుదుటపడి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆయన బతికాడు. ఇవాళ పొద్దున కాఫీ చల్లారిందని నా మీద విసుక్కున్నాడు కూడా. నేను మాత్రం ఆ చేపల్ని ప్రేమతోనే చంపాను. అందుకే ఎవరి నోటికి ఏది అందించబోయినా, ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.