రెండు ఫ్యాన్లు, ఆరు రెక్కలు

మా మామ చేసిన తప్పల్లా సమానంగా పంచాలనుకోవడమే. కొడుకులిద్దరూ వేరుపడి ఇంటి మధ్యలో గోడ లేచాక, ఎవరూ నోరెత్తకుండా జనగామ బజారు నుంచి ఒకే కంపెనీవి, ఒకే రంగువి రెండు సీలింగ్ ఫ్యాన్లు తెచ్చాడు. రెండు డబ్బాలూ వాకిట్లో ఒకే చాప మీద విప్పించాడు. అక్కడ కూడా నేనూ మా యారాలూ, అంటే మా మరిది భార్య, మాటా మాటా అనుకున్నాం. ఎవరి చేతికందినవి వాళ్లం లాక్కుని లోపలికి పోయాం.

బిగించిన రోజు నుంచే మా ఫ్యాను ఊగుతూ టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాకు అప్పుడు మూడు నెలల కూతురు. ఫ్యాను వేస్తే చప్పుడుకు ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. ఆపితే ఉక్కకు ఒళ్లంతా చెమటకాయలు పేలేవి. మార్చి తెచ్చుకుందామని పోతే, తెలంగాణ బంద్‌కు షట్టర్ సగం దించుకుని కూర్చున్న షావుకారు, "ఎక్కిచ్చిన ఫ్యాను వాపసు తీస్కోమమ్మా" అని మొహం తిప్పుకున్నాడు.

కరెంటు పని చేసే ముసలాయన్ని పిలిపించాను. మా వాడలో అందరూ ఆయన్ని చాచా అనేవాళ్లు. ఆయన స్క్రూలు బిగించాడు, కొక్కెం దగ్గర రబ్బరు మార్చాడు, పైకప్పుకు తగులుతున్న గిన్నెలాంటి మూతను కిందికి దించాడు. చప్పుడు పోలేదు. చివరికి రెక్కలు విప్పి వెనక ఉన్న అంకెలు చూశాడు, గోడకు అటువైపు పోయి మా యారాలి ఫ్యానువీ చూసి వచ్చాడు.

"గిదొక్కటి మీది కాదమ్మా. మూడు రెక్కలు తూకం చూసి జత కడ్తరు. గిది చిన్నమ్మోల్లది. మీది ఆమె ఫ్యానుకున్నది. అటు గూడ గిదే లొల్లి."

"మరి ఆమెకు చెప్పినవా?"

"చెప్పిన. కావాల్నంటే మీరే అచ్చి అడగాల్నట."

నాకు ఒళ్లు మండింది. ముందు లాక్కున్నది ఆమె, అడగవలసింది నేనా? చచ్చినా అడగనని చాచాతోనే కబురు పంపాను. పది రోజులు అట్లాగే గడిచాయి. గోడకు అటువైపు కూడా టకటకలాడుతుంటే, ఆమెకూ నిద్ర లేదని నాకు లోపల సంబరంగా ఉండేది. పిల్ల వీపు పుండవుతుంటే ఈ సంబరం ఏమిటని నన్నెవరూ అడగలేదు.

మగవాళ్లకు ఇదేం పట్టలేదు. ఇద్దరూ సమ్మెలో ఉన్నారు. పొద్దున ఒకే టెంటు కింద పక్కపక్కన కూర్చుని జై తెలంగాణ అనేవాళ్లు, ఇంటికొస్తే ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవాళ్లు. ఆ వారంలోనే వంటావార్పు పెట్టారు. బస్సులు కదలకుండా ఊరంతా రోడ్డు మీదే వండుకుని అక్కడే తినాలి. మా వాడ ఆడవాళ్లందరికీ ఒకటే పొయ్యి. నేను అన్నం కలుపుతున్నాను, ఆమె ఎదురుగా ఉల్లిగడ్డలు కోస్తోంది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మా అత్త ఒళ్లో పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నా చేతులు ఖాళీ లేవు. మా యారాలే లేచి ఎత్తుకుంది, అంగీ పైకి తీసి వీపు చూసింది.

"గిట్లయ్యేదాక ఊకున్నవా అక్కా? ఉత్త చప్పుడే అనుకున్న. పిల్లకు గిట్లయిందని నాకెవ్వరు చెప్పలే."

"నీకెందుకు చెప్పాలె?" అన్నాను.

ఆమె పిల్లను అత్తకిచ్చి, అక్కడే మైకు సెట్టు చూస్తున్న చాచాను వెంటబెట్టుకుని ఇంటికి పోయింది. తన ఫ్యాను నుంచి మా రెక్క విప్పించి మా ఇంటికి పంపింది. నేను ఇంటికి వచ్చాక చాచా దాన్ని మా ఫ్యానుకు బిగించి, ఆమె రెక్క చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"గిది చిన్నమ్మకిచ్చి పోవాల్నా?"

"ఉండనీ. కావాల్నంటే ఆమెనే అచ్చి అడుగుతది" అన్నాను.

ఆమె అడగలేదు. గోడకు అటువైపు చప్పుడు లేదు, గాలీ లేదు. ఆ రెక్కను మంచం కిందికి తోసి, కూతుర్ని పక్కలో వేసుకుని, ఆ ఉక్కలో మూడు రోజులు నేను హాయిగా నిద్రపోయాను.