పంచదార చిలకల జప్తు

నా జీవితంలో ఒకే ఒక్క ఇంటి మీద దాడి చేశాను. చేసే అధికారం నాకు లేదు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అయినా చేశాను. ఓ బుద్ధిమంతుడు ఒక్క సాయంత్రంలో ఎంత ఘోరం చెయ్యగలడో తెలియాలంటే కాసేపు నాతో కూర్చోండి.

డెబ్భైల నాటి సంగతి. పంచదారకి కటకట. రేషన్లో ఇచ్చేది ఇంట్లో చీమలకే చాలేది కాదు. అమలాపురంలో ఆ సరఫరాలు చూసే ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. ఉద్యోగంతోపాటే నాకు అనుమానం పట్టుకుందని మా అమ్మ అంటుంది గాని, అది అన్యాయం. అది పుట్టుకతోనే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట ఎవడో. నాకైతే దురద పుట్టి గోక్కున్నవాడి భుజం మీద కూడా గుమ్మడికాయే కనిపించేది. పెళ్లి సంబంధం వస్తే, "ఫొటోలో ఒక చెవే ఉంది, రెండోది ఏమైంది?" అనేవాణ్ణి. దాంతో ఇంట్లో నా పెళ్లి ఊసే ఎత్తడం మానేశారు. నేను గదిలోకి రాగానే అమ్మా, మావయ్యా మాట మార్చేసేవారు. అదీ అనుమానించదగ్గ విషయమే కదా?

ఆ సాయంత్రం బజార్లో ఓ రిక్షా నా పక్కనుంచి వెళ్లింది. అందులో గోనెపట్టా కప్పిన బస్తా. ఎండా లేదు, వానా లేదు, పట్టా ఎందుకు? దాని చిరుగులోంచి తెల్లటి పలుకులు రాలుతున్నాయి. పంచదార! సైకిలెక్కి వెంటపడ్డాను. కొత్తపేట దారిలో కాలవ దాటి, కొబ్బరితోటల మధ్య ఓ పెంకుటింటి ముందు రిక్షా ఆగింది. పెరట్లోంచి పాకం వాసన గుప్పుమంది.

చప్పుడు చెయ్యకుండా వెళ్లి చూశాను. పొయ్యి మీద పెద్ద తపేలా. దాని ముందు ఓ మామ్మగారు. చెక్క అచ్చులు రెండేసి కలిపి, తాడుతో బిగించి, పైనున్న కన్నంలోంచి పాకం పోస్తోంది. గట్టిపడ్డాక విడదీస్తే గులాబీరంగు చిలక! చాపనిండా చిలకలు, ఏనుగులు, తులసికోటలు. చిన్నప్పుడు అలాంటి చిలక దొరికితే ముక్కు విరగకుండా తోకనుంచి చప్పరించేవాళ్లం. నోట్లో నీరూరింది. మింగేసి గర్జించాను.

"ఏం జరుగుతోందిక్కడ?"

లోపల్నుంచి ఇంటాయన గవర్రాజుగారు పరుగున వచ్చాడు.

"అయ్యబాబోయ్, భాస్కరంగారు! తమరే వచ్చేసేరేంటండీ!"

"నా పేరు మీకెవరు చెప్పారు?"

"భలేవారండీ! నెల్రోజుల్నించీ ఇంట్లో తమరి మాటే కదండీ!"

నెల్రోజులు! ముఠా పెద్దదే.

"కూర్చోండి బాబూ, కాఫీ తెస్తారు."

"ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను!"

ఆయన ముఖం పాలిపోయింది. మామ్మగారు సర్దిచెప్పింది. "ఊరుకోరా, వాళ్లకి పట్టింపేమో."

"ఇవన్నీ ఎవరికోసం?" అన్నాను.

"ఇంకెవరికి బాబూ, మీకే!" అంది ఆవిడ.

లంచం! అదీ మొహం మీదే!

"నన్ను కొనేద్దామనుకుంటున్నారా?"

"ఎంతమాటండీ!" అన్నాడు గవర్రాజుగారు. "అలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు వద్దని మీ మావయ్యగారు ముందే చెప్పేసేరు కదండీ."

నా కాళ్ల కింద పెరడు కదిలింది. సొంత మావయ్య! వాడూ ముఠాలోనే!

"ఈ చిలకల్ని సాక్ష్యంగా పట్టుకెళ్తున్నాను."

తల్లీకొడుకులు మొహాలు చూసుకున్నారు.

"రేపు బాజాలతో తెద్దామనుకున్నామండి. తమరే మోసుకెళ్తానంటే... ఆయ్, అలాగేనండి."

లంచాన్ని బాజాలతో పంపే దొంగల్ని అంతకుముందు ఎక్కడా చూడలేదు. అయినా నాకు బుద్ధి రాలేదు, చూశారా!

అప్పుడే తలుపు వెనకనుంచి కిసుక్కున నవ్వు. వేళ్లకి గులాబీరంగు పాకం అంటుకున్న ఓ అమ్మాయి బయటికి వచ్చింది.

"మామ్మా, ఆ పెద్దేనుగు కూడా ఇచ్చెయ్యి. కేసు బలంగా ఉంటాది."

చిలకలన్నీ సర్దిచ్చిన బుట్టని సైకిలు వెనక కట్టుకుని, గతుకు గతుక్కీ దండం పెడుతూ ఇల్లు చేరాను. అరుగు మీద అమ్మా, మావయ్యా గుసగుసలాడుతున్నారు.

"అమ్మా, నీ తమ్ముడు పంచదార దొంగ! ఇదిగో సాక్ష్యం."

అమ్మ బుట్ట మూత తీసి నోరు నొక్కుకుంది. "ఇవి రేపు రావాల్సినవి కదరా! నువ్వెళ్లి తెచ్చేసుకున్నావేంట్రా?"

"రేపు పొద్దున్న నీకు తాంబూలాలురా," అన్నాడు మావయ్య. "ముందే చెబితే పిల్లకి రెండు చెవులూ ఉన్నాయో లేదో చూడ్డానికి పోతావని దాచేం. మీ ఆఫీసులో శుభకార్యం పర్మిషను పుచ్చుకునే పంచదార కొన్నార్రా వాళ్లు. అయితే గవర్రాజుగారింటి మీదే పడ్డావన్నమాట!"

తన తాంబూలాల మిఠాయిని తానే జప్తు చేసుకున్న పెళ్లికొడుకు కోనసీమ మొత్తంలో మరొకడుంటే నాకు చూపించండి, కాళ్లు కడుగుతాను.

మర్నాడు పెళ్లివారి ముందు తలెత్తలేదు. తాంబూలాలయ్యాక ఆ అమ్మాయి, వరలక్ష్మి, నాతో మొదటిసారిగా నెమ్మదిగా మాట్లాడింది.

"సాక్ష్యం జాగర్తగా ఉందాండీ?"

"ఏనుగుని... రాత్రే మా మావయ్య తినేశాడండీ."

"అయితే కేసు కొట్టేసినట్టే. సాక్ష్యం పోగొట్టినందుకు తమర్నే శిక్ష అనుభవించమంటారు కాబోలు!"

ఆ శిక్ష ఇప్పటికీ నడుస్తోంది, ఎక్కడా అప్పీలు లేదు. అందుచేత గోదావరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక మీదట ఎవరింట్లోనైనా పాకం వాసన వస్తే, ఎందుకని అడగను, ఎవరికని అడగను. ముందు కాళ్లు కడుక్కుని, పీట వాల్చుకుని, చెయ్యి చాపుతాను.